చివరి 5 మిల్లీగ్రాముల దగ్గర తొందరపడకండి

ప్రశ్న: డాక్టర్ గారూ, నాకు 44 ఏళ్లు. తణుకులో టైలరింగ్ చేస్తాను. మూడేళ్ల కిందట రుమటాయిడ్ ఆర్థరైటిస్ (కీళ్లవాతం) అని తేల్చారు. అప్పట్లో పొద్దున పూట కత్తెర రింగుల్లో వేళ్లు దూరేవి కావు. ప్రెడ్నిసొలోన్ అనే స్టెరాయిడ్ బిళ్ల 20 మి.గ్రా. మొదలుపెట్టిన వారానికే మళ్లీ మిషను మీద కూర్చున్నాను. దాంతోపాటు వారానికోసారి మిథోట్రెక్సేట్ 15 మి.గ్రా., రోజూ హైడ్రాక్సీక్లోరోక్విన్ వాడుతున్నాను. స్టెరాయిడ్ తగ్గించుకుంటూ 5కి వచ్చాను. కానీ ముఖం ఉబ్బింది, తొమ్మిది కిలోలు పెరిగాను, షుగర్ బోర్డర్‌లో ఉందన్నారు. మాఘమాసంలో మా అమ్మాయి పెళ్లి. ఆలోగా వదిలించుకుందామని మొన్న వేసవిలో ఒకేసారి మానేశాను. నాలుగో రోజుకి మంచం దిగలేకపోయాను. ఒళ్లంతా నొప్పులు, వికారం, లేచి నిలబడితే కళ్లు తిరగడం. మా మరిది ఆసుపత్రికి తీసుకెళ్తే సెలైన్ పెట్టి, 10 వేసుకోమన్నారు. ఇప్పుడు 7.5 మీద ఉన్నాను. తగ్గించిన ప్రతిసారీ నొప్పులొస్తున్నాయి. ఇది జబ్బా, మందు అలవాటా? మా ఆడపడుచు ఏదో పొడి తెప్పిస్తానంటోంది, అది వేసుకుంటే ఇంగ్లిష్ మందులన్నీ మానెయ్యొచ్చట. ఏం చెయ్యమంటారు?

సమాధానం: అమ్మా, ఆ నాలుగు రోజుల్లో మీరు ప్రాణం మీదకు తెచ్చుకున్నారు. మీ మరిది ఆలస్యం చేయకుండా తీసుకెళ్లడం మంచిదైంది. భయపెట్టడానికి చెప్పడం లేదు. అది మళ్లీ జరగకూడదని చెబుతున్నాను. ఎందుకలా అయిందో తెలిస్తే మిగతాదంతా మీకే అర్థమవుతుంది.

మన రెండు కిడ్నీల మీద టోపీలు పెట్టినట్టు రెండు చిన్న గ్రంథులుంటాయి. అడ్రినల్ గ్రంథులంటాం. అవి రోజూ తెల్లవారుజామున కార్టిసాల్ అనే హార్మోన్ ఎక్కువగా వదులుతాయి. బీపీ పడిపోకుండా, రక్తంలో చక్కెర నిలబడేలా, జ్వరమొస్తే ఒళ్లు తట్టుకునేలా చూసేది అదే. ఒక మామూలు మనిషి ఒంట్లో రోజుకు తయారయ్యే కార్టిసాల్‌ని ప్రెడ్నిసొలోన్ లెక్కలోకి మారిస్తే దాదాపు 4 నుంచి 6 మి.గ్రా. మీరు మూడేళ్లుగా అంతకు సమానంగానో, ఎక్కువగానో బయటి నుంచి ఇస్తున్నారు. రోజూ ఎవరో బిందెడు నీళ్లు తెచ్చి గుమ్మంలో పెడుతుంటే బావి దగ్గరికి ఎవరు వెళతారు? గిలక తుప్పు పడుతుంది, చేద పాడైపోతుంది. మెదడు అడుగున ఉండే పీయూష గ్రంథి కూడా అలాగే అడ్రినల్‌కు కబురు పంపడం మానేస్తుంది. మీరు ఒక్క రోజులో బిందె ఆపేశారు. బావిలో నీళ్లున్నాయి గానీ తోడేవాళ్లు లేరు. ఆ వికారం, ఆ కళ్లు తిరగడం అందుకే. సాధారణంగా మూడు నాలుగు వారాలకు మించి స్టెరాయిడ్ వాడిన ఎవరికైనా ఈ ప్రమాదం ఉన్నట్టే లెక్క. మీవి మూడేళ్లు.

నేను హౌస్ సర్జన్‌గా ఉన్న రోజుల్లో ఒకావిడను వాంతులతో క్యాజువాలిటీకి తెచ్చారు. బీపీ 80 దగ్గర ఊగుతోంది. కడుపులో ఇన్ఫెక్షన్ అనుకుని సెలైన్లు ఎక్కించుకుంటూ పోయాను. బీపీ పైకి రాదు. రెండు గంటలయ్యాక వార్డు సిస్టరమ్మ ఆవిడ చేతిసంచి నేల మీద కుమ్మరించింది. బస్సు టిక్కెట్లు, విభూది పొట్లం, వాటి మధ్య ఖాళీ ప్రెడ్నిసొలోన్ స్ట్రిప్పు. పది రోజుల కిందట అయిపోయిందట, మళ్లీ కొనలేదట. కార్టిసాల్‌నే మందుగా చేసిన హైడ్రోకార్టిసోన్ 100 మి.గ్రా. ఇంజెక్షన్ ఇచ్చాక, సాయంత్రానికి లేచి కూర్చుని కాఫీ అడిగింది. ‘మందులేమైనా వాడుతున్నారా’ అని నేను మొదటే అడగలేదు. ఇన్నేళ్లయినా ఆ రెండు గంటలు నాకు గుర్తే. అందుకే కింద ఒక చీటీ గురించి చెబుతాను, దాన్ని తేలిగ్గా తీసుకోకండి.

ఇప్పుడు మీ అసలు ప్రశ్న. తగ్గించగానే వచ్చే నొప్పి జబ్బుదా, మందుదా? మూడు రకాలుగా రావచ్చు. చాలామంది, కొన్నిసార్లు మా డాక్టర్లం కూడా, మూడింటినీ ఒకే గాటన కట్టేస్తాం.

జబ్బు తిరగబెడితే అది కీళ్లలో కనిపిస్తుంది. వేలి మొదట్లో కణుపులు ఉబ్బుతాయి, పట్టుకుంటే వెచ్చగా, మెత్తగా తగులుతాయి. పొద్దున బిగువు గంట దాటినా వదలదు. మీకైతే కొలబద్ద చేతిలోనే ఉంది: కత్తెర. వేళ్లు రింగుల్లోకి ఎన్ని గంటలకు దూరుతున్నాయో చూడండి. ఏడింటికి దూరే వేళ్లు తొమ్మిదిన్నరకు గానీ దూరడం లేదంటే, అదీ వరుసగా వారం పాటు, జబ్బు లేస్తున్నట్టే. రక్తపరీక్షలో ఒంట్లో వాపును చూపే ఈఎస్ఆర్, సీఆర్పీ అంకెలు కూడా పెరుగుతాయి.

రెండోది, మోతాదు తగ్గినందుకు ఒళ్లు పెట్టే గోల. ఇందులో కీళ్లు వాయవు. తొడలు, భుజాలు, నడుము, అన్నీ లాగుతాయి. నీరసం, విసుగు, ఊరికే ఏడుపు రావడం, నిద్ర పట్టకపోవడం. ఫ్లూ జ్వరం వచ్చి తగ్గినట్టుంటుంది. పరీక్షలు చేయిస్తే బాగానే ఉంటాయి. తగ్గించిన రెండు మూడు రోజులకు మొదలై, ఒకటి రెండు వారాల్లో సద్దుమణుగుతుంది. ఈ నొప్పికి భయపడి మళ్లీ పాత మోతాదుకు వెళ్లిపోయేవాళ్లే ఎక్కువ. మీరు రాసిన ‘ప్రతిసారీ’ నొప్పుల్లో కొన్ని ఇవేనని నాకు అనిపిస్తోంది. పారాసిటమాల్, వేడినీళ్ల కాపడం, కొంచెం ఓర్పు. రెండు వారాలు గడిచినా తగ్గకపోతే అప్పుడు ఆలోచించాలి.

మూడోది మీరు వేసవిలో చూసినది. కార్టిసాల్ చాలకపోవడం. ఆకలి చచ్చిపోవడం, వికారం, వాంతులు, కూర్చుని లేస్తే కళ్లు చీకట్లు కమ్మడం, బీపీ పడిపోవడం. దీంట్లో ఓర్పు పనికిరాదు, ఇంట్లో కూర్చోకూడదు.

ఇక ఎలా తగ్గించాలి. నేను మిమ్మల్ని పరీక్ష చేయలేదు. కాబట్టి ఇక్కడ రాసేది మీ రుమటాలజిస్టుతో (కీళ్లవాతం డాక్టరుతో) కూర్చుని మాట్లాడటానికే. ఇది చదివి రేపే మీ అంతట మీరు మొదలుపెట్టకండి.

అసలు తగ్గించడానికి ముందే ఒకటి తేలాలి. జబ్బు అదుపులో ఉన్నది మిథోట్రెక్సేట్ వల్లా, స్టెరాయిడ్ వల్లా? జబ్బును ఆపి ఉంచాల్సింది మిథోట్రెక్సేట్ లాంటి మందులు. అవి పనిచెయ్యడానికి 6 నుంచి 12 వారాలు పడుతుంది గనక అందాకా ఆదుకోవడానికి స్టెరాయిడ్ ఇస్తాం. మీ విషయంలో ఆ ‘అందాకా’ మూడేళ్లయింది. మిథోట్రెక్సేట్ 15 దగ్గర ఆగిపోయి ఉంది. లివర్, రక్తకణాల పరీక్షలు బాగుంటే చాలామందికి 20, 25 వరకూ పెంచుతాం, లేదా ఇంకో మందు కలుపుతాం. దీని సంగతి చూడకుండా స్టెరాయిడ్ ఒక్కటే లాగేస్తే జబ్బు లేవక ఏం చేస్తుంది? డాక్టరుగారిని సూటిగా అడగండి: ‘స్టెరాయిడ్ తీసేస్తే మిగతా మందులు చాలతాయా?’ మిథోట్రెక్సేట్ వారానికి ఒక్క రోజే అన్న సంగతి మీకు తెలిసే ఉంటుంది, అయినా ఇంట్లో మందులు తీసిచ్చేవాళ్లందరికీ చెప్పి ఉంచండి. పొరపాటున రోజూ వేసుకుని ప్రాణాలు పోగొట్టుకున్నవాళ్లున్నారు.

తగ్గించే లెక్కలో మోసం ఒకటుంది. 20 నుంచి 17.5కి వస్తే తగ్గింది ఎనిమిదో వంతు. 5 నుంచి 2.5కి వస్తే? సగం. చీటీ మీద రెండూ ‘రెండున్నర’లే, ఒంటికి మాత్రం ఒకటి మెట్టు, ఇంకొకటి గోడ దూకడం. అందుకే పైన ఉన్నప్పుడు నడిచినంత వేగంగా కింద నడవకూడదు. 5కి దిగాక నెలకు 1 మి.గ్రా. చొప్పున తగ్గించడం చాలామంది డాక్టర్లు పాటించే వేగం. 2020లో లాన్సెట్ పత్రికలో సెమిరా అనే పరిశోధన వచ్చింది. జబ్బు అదుపులో ఉండి, టోసిలిజుమాబ్ అనే మందు మీద ఉన్న రుమటాయిడ్ రోగులు 259 మందిని తీసుకున్నారు. సగం మంది 5 మి.గ్రా.లు అలాగే వేసుకున్నారు. మిగతా సగం మంది నాలుగు వారాలకొకసారి 1 మి.గ్రా. తగ్గించుకుంటూ సున్నాకు వెళ్లారు. కొనసాగించినవాళ్లలో 77 శాతం మంది బాగున్నారు, తగ్గించినవాళ్లలో 65 శాతం. మీరు వాడే మందు వేరు కాబట్టి ఇవే అంకెలు మీకు వర్తిస్తాయనను. కానీ నాకు ఇందులో కనిపించేవి రెండు. నెమ్మదిగా వెళ్తే ముగ్గురిలో దాదాపు ఇద్దరు దిగగలిగారు. దిగలేని మూడో మనిషి తప్పేమీ చెయ్యలేదు. వాళ్లకు ఇంకొంత మందు కావాలి, అంతే.

1 మి.గ్రా. బిళ్లలు మన దగ్గర అన్ని షాపుల్లో దొరకవు, ముందే చెప్పి తెప్పించుకోవాలి. చాలామంది 5 మి.గ్రా. బిళ్లను బ్లేడుతో నాలుగు ముక్కలు చేస్తారు. ఒక పెద్దాయన కాగితం పొట్లం విప్పి చూపించాడు: ఒక ముక్క సగానికి పైనే ఉంది, ఇంకోటి పేలగింజంత, మిగతాది పిండి. ఆ పిండిని వేలితో అద్దుకుని నాకేవాడట. ఆయన ఏ రోజు ఎంత వేసుకున్నాడో దేవుడికే తెలియాలి. 2.5 మి.గ్రా. బిళ్లలు దొరికితే ఒక రోజు 5, మర్నాడు 2.5 అని కొందరు డాక్టర్లు రాస్తారు, సగటున 3.75 అవుతుంది. ఏ పద్ధతైనా సరే, కాలెండరు మీద ముందే రాసి పెట్టుకోండి. మన ఇళ్లలో గోడకు వేలాడే తెలుగు కాలెండరు ఇందుకు బాగా పనికొస్తుంది, ప్రతి గడిలో ఆ రోజు మోతాదు రాసి, వేసుకున్నాక టిక్కు కొట్టండి. దాని పక్కనే రెండు అంకెలు: కత్తెర పట్టగలిగిన టైము, పదికి ఎన్ని మార్కుల నొప్పి. మూడు నెలలకు డాక్టరుగారి ముందు ఆ కాగితాలు పెడితే ‘నొప్పిగానే ఉందండీ’ అన్న మాట కంటే వంద రెట్లు ఉపయోగం.

బిళ్ల పొద్దున టిఫిన్ తిన్నాకే వేసుకోండి. కార్టిసాల్ పొద్దునే పెరుగుతుంది గనక మందూ అదే దారిన పోవాలి. రాత్రి వేసుకుంటే మీకు నిద్రా చెడుతుంది, అడ్రినల్‌కు తెల్లవారుజామున లేవాల్సిన పనీ తప్పుతుంది. కార్తీక సోమవారాలు ఉపవాసముంటారేమో, ఈ ఏడాదికి ఆ మొక్కు పక్కన పెట్టండి. శివుడేమీ అనుకోడు. లేదూ ఉంటానంటే పాలో పండో తీసుకుని బిళ్ల మాత్రం మానకండి.

5 మి.గ్రా.ల దగ్గరికి వచ్చాక ఒక పరీక్ష అడగండి: పొద్దున ఎనిమిదింటికి రక్తంలో కార్టిసాల్. దానికి ముందు కనీసం 24 గంటలు ప్రెడ్నిసొలోన్ పడకూడదు, అంటే ఆ పూట బిళ్ల రక్తమిచ్చాకే. డెసీలీటరుకు 10 మైక్రోగ్రాములు దాటితే గ్రంథులు మేలుకున్నట్టే, ధైర్యంగా దిగవచ్చు. 5 కన్నా తక్కువైతే ఇంకా నిద్రలోనే ఉన్నాయి, అదే మోతాదు మీద కొన్ని నెలలు ఆగి మళ్లీ చూస్తాం. మధ్యలో ఉంటే ఇంకొన్ని వారాలు ఓపిక పట్టాలి. కొందరికి గ్రంథులు పూర్తిగా తేరుకోవడానికి ఆరు నెలలు, ఏడాది పడుతుంది, ఆ పైనా పట్టవచ్చు.

చీటీ అన్నాను కదా. పోస్టుకార్డు సైజు అట్టముక్క తీసుకుని పర్సులో పెట్టండి. దాని మీద మీ పేరు, ఇంట్లోవాళ్ల ఫోన్ నంబరు, ఆపైన ఇలా: ‘నేను మూడేళ్లుగా ప్రెడ్నిసొలోన్ వాడుతున్నాను. హఠాత్తుగా ఆపకూడదు. వాంతులు, స్పృహ తప్పడం, బీపీ పడిపోవడం, పెద్ద దెబ్బ తగలడం జరిగితే వెంటనే హైడ్రోకార్టిసోన్ 100 మి.గ్రా. ఇంజెక్షన్ ఇవ్వాలి.’ మీ డాక్టరుగారి చేత సంతకం, స్టాంపు వేయించుకోండి. బ్రిటన్‌లో 2020 నుంచి ఇలాంటి కార్డు అక్కడి ప్రభుత్వ వైద్య సేవ ఎన్‌హెచ్ఎస్ వాళ్లే ఇస్తున్నారు. స్టెరాయిడ్ మానేశాక కూడా ఒక ఏడాది దాన్ని పారెయ్యకండి. ఏదైనా ఆపరేషన్ అయితే మత్తు డాక్టరుకు చెప్పండి.

మామూలు జ్వరమొచ్చినా ఒంటికి ఎక్కువ కార్టిసాల్ కావాలి. మీరున్న మోతాదులో జ్వరం తగ్గేదాకా రెండు మూడు రోజులు రెట్టింపు చెయ్యమంటాం, తర్వాత మళ్లీ పాత మోతాదు. ఎంత, ఎన్నాళ్లన్నది మీ డాక్టరు చేత ముందే రాయించుకోండి, అర్ధరాత్రి ఫోన్లు చెయ్యకుండా. బిళ్ల వేసుకున్న అరగంటలో వాంతి అయితే ఇంకొకటి వేసుకోండి. అదీ నిలవకపోతే కార్డు పట్టుకుని ఆసుపత్రికి వెళ్లాల్సిందే. ఇన్ఫెక్షన్ గట్టిగా ఉంటే ఆ వారం మిథోట్రెక్సేట్ వేసుకోవాలా వద్దా అని కూడా అడగాలి.

మీ ఆడపడుచు మీ మీద ప్రేమతోనే చెప్పి ఉంటారు. ఆవిణ్ణి తప్పు పట్టను. కానీ ఆ పొడి వద్దమ్మా. పొట్లం మీద ఏముందో రాయని కీళ్లనొప్పుల మందుల్ని పరీక్షిస్తే లోపల స్టెరాయిడ్ బయటపడిన సంఘటనలు మన దేశంలో ఎన్నో ఉన్నాయి. రెండు రోజుల్లో నొప్పులు మాయమైతే అది మూలిక మహిమ కాదని అనుమానించాలి. అప్పుడు మీరు స్టెరాయిడ్ మానేసినట్టూ ఉండదు, ఎంత వేసుకుంటున్నారో లెక్కా ఉండదు. ఊళ్లో నొప్పులకని వేసే పేరు తెలియని ఇంజెక్షన్ల సంగతీ అంతే.

స్టెరాయిడ్‌ని విషంలా చూడకండి. 1948 సెప్టెంబరు 21న అమెరికాలో మేయో క్లినిక్‌లో ఫిలిప్ హెంచ్ అనే డాక్టరు, రుమటాయిడ్‌తో మంచం పట్టిన 29 ఏళ్ల ఆవిడకు మొదటిసారి కార్టిసోన్ అనే స్టెరాయిడ్ ఇంజెక్షన్ ఇచ్చారు. కొద్ది రోజుల్లో లేచి నడిచింది, వారం తిరిగేసరికి బజారుకు వెళ్లి వచ్చింది. 1950లో హెంచ్‌కూ, ఈ హార్మోన్ల మీద పరిశోధన చేసిన కెండాల్, రైఖ్‌స్టైన్‌లకూ నోబెల్ వచ్చింది. ఆ తర్వాతే ఉబ్బిన ముఖాలు, గుల్లబారిన ఎముకలు, షుగర్లు ఒక్కొక్కటిగా బయటపడ్డాయి. ఆ మందే మిమ్మల్ని మిషను మీద కూర్చోబెట్టింది. ఇప్పుడు దాని నుంచి మర్యాదగా దిగుదాం.

ఎముకల గట్టితనం చూసే డెక్సా స్కాన్ ఒకటి, కళ్లకు శుక్లాల పరీక్ష ఒకటి చేయించుకోండి. అదే పూట హైడ్రాక్సీక్లోరోక్విన్ వల్ల కంటి లోపలి పొర (రెటీనా) దెబ్బతిందేమో కూడా చూస్తారు. విటమిన్ డి పరీక్షించి వాడండి. పాలు, పెరుగుతో పాటు రాగి జావ మంచిది, 100 గ్రాముల రాగుల్లో 340 మి.గ్రా.కు పైగా కాల్షియం ఉంటుంది. షుగర్ బోర్డర్‌లో ఉంది కాబట్టి జావలో బెల్లం వద్దు, మజ్జిగ కలుపుకోండి.

పెళ్లి మాట. మాఘానికి ఇంకా ఆరు నెలలుంది. నా అంచనాలో, మందులు సరిచూసుకోవడానికి రెండు నెలలు పోను, పెళ్లినాటికి మీరు 5 మీదో, 4 మీదో ఉంటారు. సున్నా మీద ఉండరు, ఉండాలని పట్టుపట్టకండి. ముహూర్తానికి నెల ముందు నుంచి, అప్పగింతలయి ఇల్లు సర్దుకునేదాకా మోతాదు కదపొద్దు. తెల్లవారుజాము ముహూర్తమని ఆ పూట బిళ్ల మరిచిపోయేవాళ్లను చూశాను. మీ మరిది జేబులో ఒక స్ట్రిప్పు పెట్టించండి. ముఖం ఉబ్బు మోతాదు దిగేకొద్దీ నెలల మీద తగ్గుతుంది. జాకెట్ల పని కార్తీకంలోనే మొదలుపెట్టి, రోజుకు కొంచెం కొంచెంగా కుట్టుకోండి, ఆఖరి వారంలో వేళ్ల మీద భారం పడకుండా. మీ జాకెట్టు మాత్రం చివరగా కుట్టుకోండి, అప్పటికి కొలత కొంచెం తగ్గవచ్చు.